జత పగడం

కిందటి వారం మనం గౌరీశ్వరిని గాజువాక నుంచి పాత పోస్టాఫీసు వెళ్ళే సిటీ బస్సులో వదిలిపెట్టాం. పక్కన, నాలుగు రోజులు ఉండిపోదామని సబ్బవరం నుంచి వచ్చిన పిన్ని పోతమ్మ. ముందు సీట్లో, వెనక్కి తిరగకుండా కూర్చున్న మొగుడు సత్యం. వన్‌టౌన్‌లో పగడాలవారి మేడని మ్యూజియం చేశారనీ, పాతకాలపు పగడాల నగలన్నీ అద్దాల్లో పెట్టారనీ విన్నప్పటి నుంచి గౌరీశ్వరి అడుగుతూనే ఉంది, అతను దాటవేస్తూనే ఉన్నాడు. ఆ మేడ ఎటుందో తనకు తెలీదన్నాడు. ఆదివారాలు మూసేస్తారన్నాడు. చివరికి పోతమ్మ, "నగలు సూపిత్తే ఆడోళ్ళు అడుగుతారని బయవా అల్లుడుగారూ?" అని ఇరుగుపొరుగు ముందు ఎగతాళి చేసేసరికి బయల్దేరక తప్పలేదు. బస్సు దిగబోతూ అతను గౌరీశ్వరి చెవి దగ్గరికి వంగి, "ఆ గొలుసు జాకెట్లోకి తోసేసుకో. ఈ వీధులు మంచివి కావు" అన్నాడు. తన మీద ఇంత ధ్యాస ఉందా ఈ మనిషికి అని ఆమె పొంగిపోయింది.

ఆ పొంగు ఇంకా చల్లారలేదు. సందు మొదట్లోనే సత్యం ఆగిపోయాడు.

"మీరు చూసి రండి. నేనా టీ బడ్డీ దగ్గరుంటాను."

"అదేటి అల్లుడుగారూ! ఇంత దూరవొచ్చి గుమ్మం తొక్కరా?"

"ఆడవాళ్ళ నగలు నేనేం చూస్తానండీ" అని అతను అటు తిరిగిపోయాడు.

మేడ అనుకున్నంత పెద్దదేం కాదు. ఉప్పుగాలికి సున్నం పెచ్చులూడిన గోడలు, రంగు వెలిసిన ఆకుపచ్చ తలుపులు. ఒకప్పుడు సముద్రాల మీంచి వచ్చిన పగడాన్ని ఈ ఇంట్లోనే కోసి, సానబట్టి, పూసలు చేసి చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళికూతుళ్ళ మెడలకు పంపేవారట. వ్యాపారం పోయింది, వారసులు మద్రాసులో స్థిరపడ్డారు. మిగిలిన సరుకును మూడు గదుల్లో అద్దాల బీరువాల్లో సర్ది, చూసేవాళ్ళ కోసం తలుపులు తెరిచారు.

గదులు చూపించడానికి ఒకామె వచ్చింది. బూడిదరంగు నేతచీర, మెడ చుట్టూ బిగించి కప్పుకున్న కొంగు, నుదుట చిన్న బొట్టు. ముప్పై దాటి ఉంటాయి. ముందు గదిలో దీపం వేసి, వెనక గదిలో దీపం ఆర్పేస్తూ నడిచేది. అందువల్ల, చూసేసిన ప్రతి వస్తువూ వాళ్ళ వెనకాలే చీకట్లో కలిసిపోయేది.

మొదటి గదిలో చెక్కని పగడం ఉంది, కొమ్మలు కొమ్మలుగా.

"ఎండిపోయిన మిరపసెట్టులాగున్నాది కదే" అంది పోతమ్మ.

రెండో గదిలో పసిపిల్లల మొలతాళ్ళకు దిష్టి తగలకుండా కట్టే పూసలు, కుజదోషం ఉన్న పిల్లలకు జోస్యులు పెట్టించే ఉంగరాలు, ముసలమ్మల పగడాల పేర్లు. పోతమ్మ ప్రతి అద్దానికీ ముక్కు ఆనించి, ఏది తన మెడకు నప్పుతుందో ఏది నప్పదో చెప్పుకుంటూ పోయింది. మూడో గది గుమ్మం దగ్గర ఆ నోరు ఠక్కున ఆగింది.

"ఓలమ్మో! నా తల!"

గుమ్మం పైదూలం మనిషి ఎత్తుకంటే తక్కువలో ఉంది. పిన్నిని చూసి నవ్వుతూ అడుగు వేసిన గౌరీశ్వరికీ ఠంగున తగిలింది. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి.

"మీ పగడాలకి దండాలెట్టించుకోడానికి కట్టినారేటమ్మా ఈ గుమ్మాన్ని?" అంది పోతమ్మ నుదురు రుద్దుకుంటూ.

గదులు చూపిస్తున్నామె నవ్వింది. నవ్వితే చిన్నదానిలా కనిపించింది. "ఇది కొట్టుగది కదండీ పిన్నిగారూ. సరుకు పట్టుకుని ఎవరూ పరుగెత్తకుండా పెద్దలు కట్టించారంట. చెబుదామనుకునేలోపే తగిలేసుద్ది. మొదటిసారి వచ్చినవాళ్ళని ఎవర్నీ వదల్లేదిది. రెండోసారికి తల దానంతటదే వంగుద్ది."

మూడో గది అంతా పెళ్ళి వస్తువులు. సూత్రాలకు అటొకటి ఇటొకటి గుచ్చిన పగడాలు. ఆమె ఒక జతను చూపించింది. "ఒకే కొమ్మలోంచి పక్కపక్కన కోసిన పూసలైతే మంచి జత అంటారండీ. కొమ్మలో తెల్లచార ఉందనుకోండి, ఈ పూసలో ఆగిపోయి ఆ పూసలో మళ్ళీ మొదలవుద్ది. విడిగా చూస్తే తెలీదు. పక్కన పెడితే తెలుస్తది."

గౌరీశ్వరి తలాడించి పక్క బీరువా వైపు జరిగింది. జరగకుండా ఉంటే బాగుండేది.

అందులో గుండ్రని బంగారు బిళ్ళలు. కొన్నిటి మీద ఆడబొమ్మ, కొన్నిటి మీద ఒట్టి చుక్క. కింద అట్టముక్క మీద రాసి ఉంది: "సవతి బిళ్ళలు. మొదటి భార్య గతించిన పిమ్మట వచ్చిన భార్య, ఆమె పేరిట ధరించునవి."

జాకెట్టు లోపల తన బిళ్ళ చర్మానికి వేడిగా తగిలినట్టయింది గౌరీశ్వరికి. గాజువాకలో నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు తనతో మాట్లాడుతూ కళ్ళు మాత్రం మెడ మీదికి దించేవారు. రెండో పెళ్ళిది అని ఒకరికొకరు చెప్పుకోవడానికి వాళ్ళకు మాటలక్కర్లేదు. అందుకే ఆమె ఆ గొలుసును ఎప్పుడూ మిగతా గొలుసుల కింద దాచుకునేది. ఇప్పుడు ఆ దాపరికమే అద్దంలో, దీపం కింద, పేరు రాసి మరీ పెట్టి ఉంది. తననే ఎవరో ఆ బీరువాలో నిలబెట్టినట్టు చెవులు వేడెక్కాయి.

"ఇలాటిది మా గౌరి మెళ్ళో ఉంది కదే!" అంది పోతమ్మ. "సూపించవే, ఈవిడకి."

"ఊరుకో పిన్నీ."

"సిగ్గేటే పిల్లా? పున్నెం సేసుకున్నావు. సచ్చిపోయినదాన్ని గుండెల మీద ఎట్టుకుని తిరుగుతన్నావు, ఎవులు సేత్తారు?" అంటూనే పోతమ్మ చెయ్యి చాపి గొలుసును పైకి లాగేసింది.

బిళ్ళ బయటపడింది. దాని మీద కొట్టిన ఆడబొమ్మ, కింద వేలాడే ఒకే ఒక్క పగడం.

చూపిస్తున్నామె మర్యాదకు వంగి చూసింది. వంగిన మనిషి అలాగే ఉండిపోయింది.

"ఎవరి పేరున కట్టుకున్నారమ్మా?" అంది.

గౌరీశ్వరి నోరు తెరిచేలోపు పోతమ్మ అందుకుంది. "మా అల్లుడిగారి మొదటావిడ. దివిసీమ వైపు ఆళ్ళది. ఆ మాయదారి ఉప్పెనలో పసిపిల్లోడితో సహా కొట్టుకుపోనాది. శవం కూడా దొరకలేదంట. ఇల్లున్న చోట బురదలో తాళిపూస ఒక్కటి దొరికితే అదట్టుకుని ఏడ్సుకుంటా వొచ్చినాడంట. పేరేటే గౌరీ? కనకరత్నం. బంగారంలాటి పేరు."

గదులు చూపిస్తున్నామె చెయ్యి గోడ మీది స్విచ్చి మీద ఉంది. దీపం ఒక్కసారి ఆరి మళ్ళీ వెలిగింది.

"పిన్నిగారూ, వెనక వసారాలో గాలి బాగుంటది. కాసేపు కూర్చుంటారా?"

పోతమ్మ బస్సెక్కిన దగ్గర్నుంచీ ఆ మాట కోసమే చూస్తోంది. "సుట్ట కాల్సుకోవచ్చేటమ్మా?"

"కాల్చుకోండి."

పోతమ్మ వెనక తలుపు తీసుకుని వెళ్ళింది. అడ్డపొగ చుట్ట వాసన వచ్చేదాకా చూపిస్తున్నామె కదల్లేదు. తర్వాత మెడ చుట్టూ ఉన్న కొంగును వదులు చేసి, లోపల్నుంచి ఒక నల్లతాడు పైకి తీసింది. తాడుకు ఒక్కటే పూస. ఆమె గౌరీశ్వరికి దగ్గరగా వచ్చి, ఆ పూసను బిళ్ళ కింది పూసకు ఆనించి పట్టుకుంది.

ఒక పూసలో ఆగిపోయిన తెల్లచార రెండో పూసలో అందుకుని నడిచింది.

గౌరీశ్వరి కళ్ళు ఆ చారను చూశాయి. బుద్ధి మాత్రం, చీకట్లో తలుపు వెతుక్కునే మనిషిలా, ఇంకా గోడలు తడుముకుంటూనే ఉంది.

"నేనే కనకరత్నాన్ని" అంది ఆమె.

"అబద్ధం" అంది గౌరీశ్వరి. అని, అన్నందుకు తనే సిగ్గుపడింది. బతికి ఎదురుగా నిలబడ్డ మనిషిని, నువ్వు బతికిలేవు అనడం ఎంత నీచమో ఆ మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది.

కనకరత్నం కోప్పడలేదు. "ఉప్పెనలో నేను పోలేదమ్మా. పిల్లాడు పోయాడు. ఒక చేత్తో తాటిచెట్టు పట్టుకున్నాను, ఒక చేత్తో వాణ్ణి. తెల్లారేసరికి చెట్టుంది."

వసారాలో పోతమ్మ దగ్గింది. హార్బరు వైపు నుంచి ఏదో ఓడ కూత వినిపించి ఆగింది.

"అప్పటికే ఆయన ఇక్కడ హార్బరు పనిలో ఉండేవాడు. కబురు తెలిసి వచ్చాడు. బతికి బయటపడ్డవాళ్ళ షెడ్డులో పడుకోబెట్టారు మమ్మల్ని. పిల్లాడేడి అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. మళ్ళీ అడగలేదు. పొద్దుగూకేదాకా నా పక్కనే కూర్చున్నాడు. తాళి తెగి సూత్రాలు నీళ్ళపాలయ్యాయి, ఈ పూసలు రెండూ కొంగు మడతలో చిక్కుకుని మిగిలాయి. ఒకటి తీసుకున్నాడు. కంసాలికి మచ్చు చూపించాలి కదా, దీనికి తగ్గట్టు కొత్త సూత్రాలు చేయించి తెస్తానన్నాడు."

ఆమె కళ్ళు గౌరీశ్వరి గుండెల మీది బిళ్ళ దగ్గర ఆగాయి.

"చేయించాడు" అంది.

గౌరీశ్వరి బీరువా అంచు పట్టుకుంది. ఈ బిళ్ళతో ఆమె మాట్లాడని మాట లేదు. మొగుడు అలిగితే దీనికే చెప్పుకుంది. కడుపు నిలవకపోతే, "అక్కా, నీ పిల్లోణ్ణే నాకు మళ్ళీ పంపు" అని దీన్నే కళ్ళకద్దుకుంది. అవన్నీ చచ్చిపోయిన మనిషికి చెప్పిన మాటలు. చచ్చిపోయినవాళ్ళ దగ్గర మనకు సిగ్గుండదు. వాళ్ళు వింటారని నమ్ముతాం గాని, చూస్తారని అనుకోం. ఇప్పుడు ఆ మాటలన్నీ వెనక్కి నడిచి వచ్చి ఈ బూడిదరంగు చీర పక్కన నిలబడ్డాయి. వాటిలో ఒకటి మిగతావాటి వెనక దాక్కోవాలని చూసింది. పెళ్ళైన కొత్తలో, కొత్త స్టవ్వు మీద మొదటిసారి పాలు పొంగించిన రోజున, ఉప్పెన రాకపోతే నాకీ ఇల్లెక్కడిది అనుకుంది. అనుకుని ఊరుకోలేదు, సంతోషపడింది కూడా. అది ఎవరికీ తెలియదు. ఎదురుగా ఉన్న మనిషికీ తెలియదు. అయినా ఆమె తన ముఖంలో అదే చదువుతోందని గౌరీశ్వరికి గట్టిగా అనిపించింది.

ఏదో ఒకటి మాట్లాడాలని, తన కొంగు పట్టుకుని నోటికొచ్చింది అంది.

"ఈ చీర మీదే."

"నాదేంటమ్మా?"

"మొన్న పెద్దల అమావాస్యకి బిళ్ళ ముందరెట్టి, పసుపూ కుంకం ఎట్టి, తరవాత నాను కట్టుకున్నాను. ప్రతీ ఏడూ అంతే. మీకని ఎట్టిన చీరలన్నీ నానే కట్టేసుకున్నాను."

అంటుంటే ఏడుపొచ్చింది. తను చేసిన పుణ్యమంతా విప్పి చూస్తే లోపల దొంగతనం ఉంది. కనకరత్నం ఆ చీర అంచును రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. ఆమె కట్టుకున్న నేతచీర మోచేతి దగ్గర పలచబడి ఉంది.

"మంచి రంగు" అంది. "నీకు బాగుంది."

గౌరీశ్వరి చేతులు మెడ వెనక్కి వెళ్ళాయి. కొక్కెం కోసం తడుముకుంది. బతికున్నదాని పేరున బిళ్ళ కట్టుకోవడమంటే దినం దినం దాని చావు కోరుకోవడమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. సబ్బవరంలోనైనా దివిసీమలోనైనా చిన్నపిల్లలకు కూడా తెలుసు.

కనకరత్నం ఆ చేతులు పట్టుకుని కిందికి దించేసింది. "ఇక్కడ తీయకు. మొగుడుండగా మెళ్ళోంచి తీస్తుంటే నేను చూడలేను. ఇంటికెళ్ళి ఏం చేసుకుంటావో చేసుకో."

"అక్కా."

ఇన్నేళ్ళు బిళ్ళను పిలిచిన పిలుపు. మొదటిసారి దానికి ఒక ముఖం ఇటు తిరిగింది.

"అక్కా, నాకొక్కటి సెప్పు. ఆయనికి తెలుసా, నువ్వు బతికున్నట్టు? తెలిసే నా మెళ్ళో ఇది ఏసినాడా?"

కనకరత్నం నల్లతాడును మళ్ళీ కొంగు లోపలికి దోపుకుంది. "తెలీదు" అంది.

"నా మీద ఒట్టు?"

"ఒట్లెందుకు? తర్వాత మమ్మల్ని వేరే ఊరి షెడ్డుకి మార్చారు. జ్వరాలొచ్చి చాలామంది పోయారప్పుడు. ఆయనొచ్చి చూసుంటాడు. కనపడకపోతే నేనూ పోయాననుకునుంటాడు. నేనిక్కడున్నట్టు ఆయనకు తెలీదు. నువ్వూ చెప్పకు. ఈ ఇంటివాళ్ళకి వంట చేయడానికొచ్చాను, వాళ్ళెళ్ళిపోయాక ఈ దీపాలప్పజెప్పారు. నాకిది చాలు."

ఈ మాటలన్నీ ఆమె స్విచ్చి వైపు చూస్తూ చెప్పింది. గౌరీశ్వరి అది గమనించింది. గమనించనట్టే ఉండిపోయింది. తెలీదు అన్న ఆ ఒక్క మాటను ఆమె రెండు చేతులా పట్టుకుంది.

అక్కడి నుంచి మనసు గబగబా పని చేసింది. పాపం ఆయన వెళ్ళే ఉంటాడు. చేతిలో కొత్త సూత్రాలతోనే వెళ్ళుంటాడు. షెడ్డు ఖాళీగా ఉండి ఉంటుంది. పెళ్ళాన్ని ఒంటరిగా వదిలేసి వచ్చాననీ, ఆ తర్వాత అది జ్వరంతో పోయిందనీ నలుగురికీ ఎలా చెప్పుకుంటాడు? అందుకని ఉప్పెన మీద పెట్టాడు. బురదలో పూస దొరికిందన్నాడు. చిన్న అబద్ధం. సిగ్గుతో ఆడిన అబద్ధం. సిగ్గుపడిన మనిషిని క్షమించడం ఎంత సులువు! ఒక్కొక్క ఇటుకా పేర్చుకుంటూ ఆమె అతని కోసం ఒక గోడ కట్టుకుంది. నిజానికి అది అతని కోసం కట్టిన గోడ కాదు. తెలిసి తెలిసి బతికున్న ఆడదాని చావును తన మెడలో వేసినవాడైతే, అతని పక్కన తను పడుకున్న ఇన్నేళ్ళూ ఏమైపోతాయి? ఆ ప్రశ్నకు అడ్డంగా ఒక గోడ ఉండాలి, అంతే. అందుకు ఏ ఇటుకైనా పనికొస్తుంది.

గోడ పూర్తి కావచ్చింది. అంతలో రెండో గదిలో చెప్పుల చప్పుడైంది.

"ఇంకా అవలేదా గౌరీ? బస్సెళ్ళిపోద్ది!"

సత్యం గొంతు. కనకరత్నం చెయ్యి స్విచ్చి మీద పడింది. దీపం ఆరిపోయింది. ముందు రెండు గదులూ ఎప్పుడో చీకటి. కొట్టుగదిలో, పైన చిన్న కిటికీలోంచి దిగిన కాస్త వెలుతురు, రెండు బూడిదరంగు మడతల్లా ఇద్దరాడవాళ్ళు.

అతను వస్తున్నాడు. పొడుగాటి మనిషి. ఎండలోంచి చీకట్లోకి వస్తున్నాడు. చేతి గడియారం కనబడక కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, దాన్నే చూసుకుంటూ నడుస్తున్నాడు.

ఎంత కాదన్నా పెళ్ళాం. గౌరీశ్వరికి మిగతావన్నీ ఒక్క క్షణం పక్కకు తప్పుకున్నాయి. ఆ దూలం తగిలితే నుదురు పగులుతుందన్నదొక్కటే మిగిలింది. తల జాగర్త అనబోయి నోరు తెరిచింది.

మాట ఇంకా నాలుక మీదే ఉంది. సత్యం కళ్ళు గడియారం మీంచి లేవలేదు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి అతని తల దానంతటదే వంగింది. దూలం కింద నుంచి సులువుగా దాటి, లోపలికొచ్చి, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

కనకరత్నం అప్పటికే కళ్ళు నేలకు దించేసింది.

గౌరీశ్వరి చెయ్యి మెల్లగా తన నుదుటి మీది బొప్పి దగ్గరికి వెళ్ళింది. అది ఇంకా సలుపుతూనే ఉంది.